నాలుగు బై పద్నాలుగు

బ్రాడీపేటలో అడ్రసంటే రెండు అంకెలు,
మధ్యలో ఒక ఏటవాలు గీత.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
ఆటోవాడికి చాలు, పోస్టుమేనుకి చాలు,
గ్యాసు బండ తెచ్చే కుర్రాడికీ చాలు.
ఈ ఫారానికి చాలదు.
గీత దగ్గర ఎర్రగా మండిపడుతుంది:
చెల్లని అక్షరం.

"సైదావలి కాటా వర్క్స్, గుంటూరు."
పొద్దున్నుంచి ఇది ముప్పై రెండోసారి కొట్టడం.
ఒక డైరెక్టరీలో గీత తీసేశాను.
నాలుగూ పద్నాలుగూ అతుక్కుపోయి
ఆయన దుకాణం నాలుగు వందల పద్నాలుగుకి పోయింది.
అంత దూరం గుంటూరు లేదు.
ఇంకోదాంట్లో అక్షరాల్లో రాశాను,
మరోదాంట్లో చుక్క పెట్టాను.
హైమావతి మేడమ్ వెనక నిలబడి చూసి
"అన్నిచోట్లా ఒకేలా ఉండాలమ్మాయ్,
లేకపోతే ఒక్క మనిషిని
నలుగురనుకుంటుంది గూగుల్" అంది.

తర్వాత కేటగిరీ.
వైద్య పరికరాలున్నాయి, సంగీత వాయిద్యాలున్నాయి,
కుక్కలకు క్షవరం చేసేవాళ్ళున్నారు.
యార్డులో మిర్చి టిక్కీ ఎక్కినప్పుడు
ముల్లు పావుకిలో అబద్ధమాడితే
స్క్రూడ్రైవరుతో పరిగెత్తే మనిషి లేడు.
"ఇతరములు"లో చేర్చాను.

ఆపైన నేను రోబోను కానని రుజువు చేయాలి.
సిగ్నల్ లైట్లున్న గళ్ళన్నీ నొక్కమంటుంది.
పక్కసందు కారం మిల్లు ఘాటు
కిటికీలోంచి వచ్చి మూడుసార్లు తుమ్మాను.
తుమ్ము సాక్ష్యానికి పనికిరాదు.

పట్నం బజారు గోనెసంచుల పోలిశెట్టి గారికి
ఫోను చేసింది నేనే.
"మీ పేజీలో ఆయన పేరు వేయండి,
ఆయన పేజీలో మీది వేస్తాం."
చాలాసేపు నవ్వాడాయన.
"సంచి కొన్నవాడికి కాటా కొట్టు నేను చూపిస్తా,
కాటాకొచ్చినవాడికి నా కొట్టు ఆయన చూపిస్తాడు.
మా నాయనప్పటి సంగతి.
దానికి నువ్వు జీతం తీసుకుంటున్నావా?"
తీసుకుంటున్నాను. తొమ్మిది వేల అయిదొందలు.
పేరు వేశాడు పాపం, "సైదావళి" అని.
దిద్దమని మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు.

ఈ డైరెక్టరీల్లో సగానికి ఎవరూ రారు.
నాకు తెలుసు, మేడమ్‌కీ తెలుసు.
మా పేరుకు పైన ఒంగోలు పళ్ళ డాక్టరు,
కింద ఏ దేశమో తెలియని ఊళ్ళో
తివాచీలు ఉతికేవాడు.
అతన్నీ నాలాంటి ఎవరో ఎక్కించి ఉంటుంది,
అన్నం డబ్బా తెరవబోయే ముందు, గబగబా.

పన్నెండో రోజున మొదటి ఫోను.
సైదావలి గారు గ్రీజు చేతులు తుడుచుకుని ఎత్తారట.
"సార్, మీ వెబ్‌సైటుకి లింకులు కావాలా?"
"మా అమ్మాయి చూస్తోందండీ" అని పెట్టేశారట.

నెలాఖరుకి రిపోర్టు పట్టుకెళ్ళాను.
నూట నలభై మూడు లింకులు, పదకొండు కాగితాలు.
ఆయన కళ్ళజోడు వెతుక్కోలేదు.
బంగారం కొట్లవాళ్ళ చిన్న కాటా మీద మడిచి పెట్టి,
అద్దాల తలుపు మూసి, ఫ్యాను ఆపారు.
అంకెలు కాసేపు తడబడి నిలిచాయి.
"యాభై ఒకటిన్నర గ్రాములు."
"తక్కువాండీ?"
"ఎక్కువా తక్కువా అనదమ్మా ఇది.
ఉన్నంత చెబుతుంది."
డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు, రెండుసార్లు.

నేను చెప్పులు తొడుక్కుంటుంటే
మోపెడు వెనక పాత కాటా కట్టుకుని
నరసరావుపేట నుంచి ఒకాయన ఆగాడు.
"నాలుగు బై పద్నాలుగు ఇదేనా?"
గీతను కూడా పలికాడు.
ఎవరు చెప్పారని అడగబోయి ఊరుకున్నాను.
గీతను ఒప్పుకున్న డైరెక్టరీలు మొత్తం మీద మూడే.
శంకర్ విలాస్ దాకా నడుస్తూ
వాటి పేర్లు గుర్తుచేసుకున్నాను.